పంతులమ్మ సావిత్రీబాయి

నేటి ప్రసంగమునకు నేను తీసికొనిన చరిత్ర మన సీమలో జరిగినది కాదు. మహారాష్ట్రమున, పూనా నగరమున జరిగినది. అయినను సావిత్రీబాయి ఫూలే పేరు మీలో చాలమంది వినియే యుందురు. ఆమె పుట్టినదినమగు జనవరి 3వ తేదీని తెలంగాణ ప్రభుత్వము 2025లో మహిళా ఉపాధ్యాయుల దినముగా ప్రకటించినది. ఆడపిల్లలకు బడి పెట్టిన పంతులమ్మ యని చెప్పి, పటమునకు పూలదండ వేసి, మనవారు అంతటితో ముగించెదరు. ఆమె తల్లి కూడ ననియు, ఆ బడికిని ఆ తల్లితనమునకును మూలమైన విశ్వాసము ఒక్కటే యనియు చెప్పువారు తక్కువ. నేను ఆ సంగతియే చెప్పదలచితిని.

సతారా జిల్లా నాయగావ్ గ్రామమున, పూలతోటలు పెంచు మాలీల ఇంట, ఆమె 1831లో జన్మించెను. 1840లో, తొమ్మిదేండ్ల ప్రాయమున, పదమూడేండ్ల జ్యోతీరావునకిచ్చి పెండ్లి చేసిరి. అప్పటికామెకు అక్షరము రాదు. చదువు చెప్పినది భర్తయే. 1848లో బుధవారపేట యందలి భిడే వారి ఇంట బాలికల బడి తెరచినప్పుడు, పదునేడేండ్ల సావిత్రి అందు పంతులమ్మగా నిలిచెను.

ఆమె బడికి పోవు దారిలో జనులు పేడయు బురదయు విసరెడివారు. ఆమె సంచిలో మరియొక చీర పెట్టుకొని పోయి, బడి చేరిన పిదప మార్చుకొనెడిదట. ఈ కథ మీరు వినియే యుందురు గనుక దీనిని పెంచను. ఊరివారి ఒత్తిడికి తాళలేక మామగారు 1849లో కొడుకును కోడలిని ఇల్లు విడువుమనెను. ఉస్మాన్ షేకు అను మిత్రుడు వారికి తన ఇంట చోటిచ్చెను. ఆ ఇంటి ఆడపడుచు ఫాతిమా షేకు సావిత్రితో కలిసి చదువు చెప్పినది.

ఆ బడి ఫలమెట్టిదో చూడుడు. ముక్తాబాయి యను మాంగు కులపు బాలిక అక్కడ చదువుకొని, తన కులమువారి దుఃఖమును గూర్చి ఒక వ్యాసము వ్రాసెను. 1855లో జ్ఞానోదయ పత్రిక దానిని అచ్చువేసినది. ఊరి వెలుపల నుంచబడిన ఇంటి పిల్ల, తన మాటలలో, తనవారి బాధను లోకమునకు చెప్పగలిగెను. పంతులమ్మకు ఇంతకంటె జీతమేమి కావలెను?

1856లో సావిత్రి జబ్బుపడి పుట్టింటికి పోయెను. అక్కడినుండి ఆమె భర్తకు వ్రాసిన ఉత్తరము నేటికిని నిలిచియున్నది. సోదరుడు, మీ ఆలుమగలు అంటరానివారికి చదువు చెప్పి వెలిపడితిరి, కులమర్యాద నిలుపుకొనుడని మందలించెనట. ఆమె కోపగింపలేదు. చదువు లేకపోవుట ఎట్టి పశుత్వమో ఓపికతో నచ్చచెప్పినది.  బయటివారు విసరిన బురదకంటె తోబుట్టువు మాట ఎక్కువగా నొప్పించునని మీకు వేరుగ చెప్పనేల?

ఆ దంపతులకు సంతానము కలుగలేదు. ఆ కాలమున బాలవితంతువులు మోసపోయి గర్భవతులైనచో, పరువు భయమున బిడ్డను చంపుటయో తాము చచ్చుటయో జరుగుచుండెను. 1863లో ఆ దంపతులు తమ ఇంటనే అట్టివారికి ఆశ్రయము ఏర్పరచిరి. రహస్యముగా వచ్చి ప్రసవించి, బిడ్డను తీసికొనిపోవచ్చును, విడిచియు పోవచ్చును. విడిచిన బిడ్డలను పెంచినది సావిత్రీబాయి. 1874లో కాశీబాయి యను బ్రాహ్మణ వితంతువు అక్కడ కనిన కుమారుని ఆమె దత్తత చేసికొని యశ్వంతుడని పేరు పెట్టెను.

ఇక ఆమె విశ్వాసము. 1873లో జ్యోతీరావు సత్యశోధక సమాజమును స్థాపించెను. సృష్టికర్త ఒక్కడే, మనుజులందరు ఆయన బిడ్డలే, తండ్రికిని బిడ్డకును నడుమ దళారి యక్కరలేదు, ఇదియే దాని సారము. బొంబాయిలో కట్టడపు పనులు గుత్తకు చేయించిన మన తెలుగువారు, రామయ్య వెంకయ్య అయ్యవారు మొదలగువారు, ఈ సమాజమునకు తోడ్పడిరన్న సంగతి మనకు తెలిసియుండవలసినది. అందరు ఒక తండ్రి బిడ్డలేయని వేదికపై చెప్పుట తేలిక. ఎవరి బిడ్డయో తెలియనిదానికి అర్ధరాత్రి లేచి పాలు పట్టుట వేరు. నా దృష్టిలో ఆమె మతము ఆ రెండవదానిలో నున్నది.

యశ్వంతుడు పెరిగినాడు. వితంతువు కొడుకునకు పిల్లనిచ్చువారెవరు? మన పల్లెలలో ఇట్టి సంబంధము వచ్చినచో ఏమేమి మాటలు పుట్టునో మీ రెరుగుదురు. తుదకు సమాజపు మిత్రుడైన జ్ఞానోబా ససానే తన కుమార్తె రాధ నిచ్చెను. 1889లో పురోహితుడు లేకయే ఆ వివాహము జరిగినది.

మరుసటి సంవత్సరము నవంబరు 28న జ్యోతీరావు గతించెను. దత్తపుత్రునకు కర్మ చేయు హక్కు లేదని జ్ఞాతులు అడ్డు తగిలిరి. అప్పుడు సావిత్రీబాయి తానే నిప్పుకుండ చేతబట్టి శవమునకు ముందు నడచెను. ఆడది అగ్గి పట్టుటను గూర్చి నేటికిని మన గ్రామములలో వాదము తెగలేదు. 1890లో ఆమె వాదింపలేదు, నడచినది.

1897లో పూనాలో ప్లేగు చెలరేగెను. యశ్వంతుడు అప్పటికి వైద్యుడు. తల్లి పిలువగా వచ్చి, ఊరి వెలుపల హడప్సర్ చేరువ పొలములలో వైద్యశాల తెరచెను. రోగులను చేర్చు పని ఆమెది, ఆమెకప్పుడు అరువదియారేండ్లు. ముండ్వా గ్రామమున పాండురంగ గాయక్వాడ్ అను అస్పృశ్య కులపు బాలునకు జబ్బు సోకెనని విని, తానే పోయి, వానిని వీపున మోసికొని తెచ్చెనని చెప్పుదురు. ఆ బాలుడు బ్రతికెను. ప్లేగు ఆమెకు అంటుకొనెను. మార్చి 10వ తేదీన, కొడుకు వైద్యము చేయుచుండగనే, ఆమె కన్నుమూసెను.