అరువదియేండ్ల సవాలు

ద్రవముల పీడనమును గూర్చి పాఠము చెప్పునపుడు మన ఉపాధ్యాయులు బ్రామా ప్రెస్సును తప్పక పేర్కొందురు. ఆ యంత్రమును కనిపెట్టిన జోసెఫ్ బ్రామా తాళముల తయారీలోను గట్టివాడని మాత్రము పాఠ్యపుస్తకములు చెప్పవు. 1784లో అతడు ఒక కొత్తరకపు తాళమునకు పేటెంటు పొందెను. 1790లో లండను నగరమున పికడిల్లీ వీథిలోని తన దుకాణపు కిటికీలో అట్టి తాళము నొకదానిని ఉంచి, దానిని తెరువగల పనిముట్టును చేసి తెచ్చినవానికి అప్పటికప్పుడే 200 గినీలు ఇత్తునని ప్రకటించెను. దానిని స్వహస్తములతో చేసినవాడు హెన్రీ మాడ్‌స్లే. అప్పటి కతనికి ఇరువదియేండ్లు నిండలేదు. తరువాతి కాలమున మరలు కోయు లేతు యంత్రమును తీర్చిదిద్ది ప్రసిద్ధుడైన మాడ్‌స్లే ఇతడే. బ్రామా 1814లో చనిపోయెను. తాళము మాత్రము లొంగక నిలిచియుండెను.

ఇంగ్లండులో మరియొక తాళమునకును ఇట్టి ఖ్యాతియే యుండెను. 1817లో పోర్ట్స్‌మత్ నౌకాశాలలో దొంగచెవులతో తలుపులు తెరచి దోచుకొనిరి. తన చెవికి తప్ప మరి దేనికిని లొంగని తాళము చేసినవారికి బహుమాన మిత్తుమని ప్రభుత్వము ప్రకటింపగా, జెరమయా చబ్ అనునతడు 1818లో డిటెక్టరు తాళమును, అనగా దొంగను పట్టియిచ్చు తాళమును, చేసి చూపెను. ఆ కాలమున నౌకాశాల చెంత పాత ఓడలనే జైళ్లుగా వాడుచుండిరి. అందలి ఖైదీ యొకడు వృత్తిచేత తాళములు చేయువాడు. ఆ తాళమును తెరచినచో ప్రభుత్వము విడుదలయు, చబ్ నూరు పౌనులును ఇత్తుమనిరి. రెండు మూడు నెలలు పెనుగులాడి అతడు ఓటమి నొప్పుకొనెను. విడుదలకంటె పెద్ద ఆశ ఖైదీకి వేరొండు లేదు గదా! జనులు ఆ తాళమును పూర్తిగా నమ్మిరి.

మన బజారులో అమ్ము తాళములపై ‘7 లీవర్లు’ అని చెక్కియుండుట పాఠకులు చూచియే యుందురు. చబ్ తాళమును ఈ జాతిదే. లోపల పలుచని మీటలు ఒకదానిపై నొకటి పేర్చియుండును. ఒక్కొక్క మీటను ఒక్కొక్క స్ప్రింగు అణచిపెట్టుచుండును. ప్రతి మీటలోను ఒక సందు కలదు. గడియకు బిగించిన చిన్న మేకు ఈ సందు లన్నిటి గుండ దూరిననే గడియ వెనుకకు జరుగును. చెవి పండ్లు ఎత్తుపల్లములుగా నుండుటచేత ఒక్కొక్క మీట తనకు కావలసినంత ఎత్తే లేచును. ఏ ఒక్క మీట వెంట్రుకవాసి తక్కువ లేచినను, ఎక్కువ లేచినను మేకు అడ్డుపడును. చబ్ దీనికి మరియొక స్ప్రింగును చేర్చెను. ఏ మీటయైన మితిమీరి లేచినచో ఈ స్ప్రింగు దానిని పట్టుకొని తాళమును బిగించివేయును. యజమాని వచ్చి చెవి పెట్టినపుడు అది తిరుగదు. ఎవరో చేయి పెట్టిరని అతనికి తెలిసిపోవును.

1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనకు ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అను అమెరికను వచ్చెను. న్యూయార్కులోని డే అండ్ న్యూవెల్ అను కంపెనీ తాళములను ప్రచారము చేయుట అతని పని. కనుక అతడు కేవలము జ్ఞానతృష్ణతో వచ్చినట్లు మనము భ్రమపడ నక్కరలేదు. ఇతరుల తాళము లోడినచో తన తాళము అమ్ముడగును. అయినను అతడు చాటుమాటుగా ఏమియు చేయలేదు. జూలై 22వ తేదీన గ్రేట్ జార్జి వీథిలోని 34వ నంబరు ఇంట, ఇనుపగది తలుపునకున్న చబ్ తాళమును అనుమతి పొంది, సాక్షుల యెదుట 25 నిమిషములలో తెరచెను. మరి యేడు నిమిషములలో చెవి లేకయే తిరిగి వేసెను. తాళమునకు ఏ హానియు కలుగలేదు.

ఇది హస్తలాఘవము మాత్రమే కాదు, ఇందు గణితము కలదు. ఒక తాళములో 18 భాగములున్నవనియు, ఒక్కొక్కటి 5 స్థానములలో ఏదో యొకదానియందు నిలువవలెననియు అనుకొందము. చెవి లేనివాడు చేయవలసిన ప్రయత్నములు 5ను 18 మారులు గుణించినన్ని. అనగా 3 లక్షల 81 వేల కోట్లకు పైమాట. తాళముల వారు జనులకు చూపునది ఈ లెక్కయే. కాని ఒక్కొక్క భాగమును విడివిడిగా పరీక్షించు ఉపాయము దొరికినచో, ఒక్కొక్కదానికి ఎక్కువలో ఎక్కువ 5 ప్రయత్నములు, మొత్తము 90 చాలును! గుణకారము సంకలనముగా మారిపోయినది. విద్యార్థులు ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచుట మంచిది.

ఆ ఉపాయము ఆకురాయి చేతగానితనములోనే యున్నది. మేకు అన్ని మీటలను సరిసమానముగా తాకునట్లు చేయుట ఏ పనివానికిని సాధ్యము కాదు. గడియపై కొంచెము ఒత్తిడి నిలిపి యుంచినచో ఏదో ఒక మీట మిగిలిన వానికంటె ముందు బిగియును. దానిని మెల్లగా ఎత్తగా సందు మేకు నెదుటికి వచ్చినచోట పట్టు సడలును. అప్పుడు వేరొకటి బిగియును. ఇట్లు తాళమే తన రహస్యమును ఒక్కొక్క ముక్కగా చెప్పివేయును. చబ్ చేర్చిన స్ప్రింగు ఇక్కడ ఇంటిగుట్టు బయటపెట్టినది. అది పట్టుకొన్నప్పుడెల్ల, తాను ఆ మీటను అవసరమునకు మించి ఎత్తితినని హాబ్స్ తెలిసికొనెను. దొంగను పట్టుటకు పెట్టిన కాపలాదారుడు లోపలి దారి చూపినట్లయినది.

పిమ్మట బ్రామా తాళము వంతు. దాని చెవి ఒక సన్నని గొట్టము. కొనయందు వేర్వేరు లోతుల గాడులుండును. చెవిని నెట్టగా 18 జారుడు పలకలు వేర్వేరు దూరములు లోనికి జరిగి, వాని గంట్లన్నియు ఒకే వరుసకు వచ్చినపుడే నడిమి స్తంభము తిరుగును. ముగ్గురు మధ్యవర్తులను నియమించి నెలదినములు గడువిచ్చిరి. హాబ్స్ జూలై 24న మొదలుపెట్టి ఆగస్టు 23న తెరచెను. పదునారు దినములలో అతడు పనిచేసినది మొత్తము 51 గంటలు.

బ్రామా కంపెనీ వారు ఆక్షేపించిరి. నెలదినములు తాళమును చేతికిచ్చి, పనిముట్లను దానికే బిగించి యుంచుకొననిచ్చుట ఏ దొంగకు లభించునని వారి వాదము. నా దృష్టిలో ఇందులో సగము న్యాయమున్నది. 51 గంటలు నిలిచిన తాళము ఇంటివానికి చేటు చేయలేదు. కాని ప్రకటనలో దొంగ యన్నమాట గాని, గడువు గాని లేదు. మధ్యవర్తుల తీర్పు ననుసరించి 200 గినీలు చెల్లించిరి.

అంతకంటె పెద్ద వివాదము మరియొకటి లేచినది. తాళములలోని లోపములను బహిరంగముగా చెప్పుట దొంగలకు పాఠము నేర్పుట కాదా యని పలువురు కలవరపడిరి. ఈ భయము తేలికగా త్రోసివేయదగినది కాదు. ఇంగ్లండులోని ధనాగారములు పెక్కు ఇట్టి తాళములనే నమ్మియుండెను. 1853లో చార్లెస్ టామ్లిన్‌సన్ సంపాదకత్వమున హాబ్స్ పేర వెలువడిన గ్రంథము దీనికి సమాధానము చెప్పినది. దొంగ తన వృత్తిరహస్యములను ముందే నేర్చియుండును, తెలియనివాడు తాళము కొన్న గృహస్థు డొక్కడే, కనుక అతనికే చెప్పవలెనని ఆ వాదము. 1883లో ఆగస్టు కెర్ఖాఫ్స్ ఇదే భావమును సైనిక సంకేతలిపులకు అన్వయించి, పద్ధతి శత్రువు చేత పడినను హాని కలుగరాదనియు, రహస్యము తాళపుచెవియందే యుండవలెననియు వ్రాసెను. నేడు మన బ్యాంకుల లెక్కలను కాపాడు సంకేతపద్ధతులు బహిరంగముగా ప్రచురింపబడినవే.

హాబ్స్ తెచ్చిన న్యూవెల్ తాళమును కొలది యేండ్లకే అమెరికాలో లైనస్ యేల్ తెరచి చూపెను. యేల్ 1860లలో తీర్చిదిద్దిన సూదుల తాళము నేడు ఇండ్ల తలుపులకు సర్వసామాన్యము. అదియు ఒక్కొక్క సూదిగా లొంగునట్టిదే.

ఈ విద్యను వినోదముగా అభ్యసించు వారు నేడు చాల దేశములలో నున్నారు. 1997లో జర్మనీలోని హాంబర్గులో ఇట్టివారు ఒక సంఘము స్థాపించుకొనిరి, నెదర్లాండ్స్‌లోను ఉన్నది. తనది కాని తాళమును అనుమతి లేక ముట్టరాదనియు, వాడుకలో నున్న తాళముపై ప్రయోగము చేయరాదనియు ఇట్టివారు నియమము పెట్టుకొన్నారు. రెండవ నియమము కొందరికి చాదస్తముగా తోచును. కాని అనుభవము లేని చేతిలో సూది యొకటి ఇరుకుకొనిపోయినచో ఇంటివాడు సరియైన చెవి చేత పట్టుకొని వాకిట నిలువవలసి వచ్చును. గట్టితలుపు పడి చెవి పోయినవాడు సాయము కోరి వచ్చినపుడు, ఈ నియమముల ప్రకారము అతనిని, ఇల్లు అతనిదేనని విచారించి తెరచు వృత్తిపనివాని యొద్దకు పంపవలసినదే.

హాబ్స్ 1860లో స్వదేశమునకు మరలిపోయి, తూటాల కర్మాగారములో చాలకాలము పనిచేసి 1891లో మరణించెను. అతడు తెరచిన బ్రామా తాళము లండనులోని సైన్సు మ్యూజియమున భద్రముగా నున్నది.