విక్టోరియా యను పేరు

మా యమ్మమ్మగారి పూజాపీఠమున లక్ష్మీప్రతిమ ప్రక్కను 1862వ సంవత్సరపు వెండి రూపాయి యొకటి యుండెడిది. దానిపైనున్న కిరీటధారిణియు లక్ష్మియే యనుకొని యామె ప్రతి శుక్రవారమును కుంకుమ పెట్టెడివారు. ఆ మొగము విక్టోరియా రాణిదని నేను చెప్పితిని. ఆమె నమ్మలేదు, నాణెమును దీయనులేదు.

ఆమె యంతగాఁ బొరపడలేదేమో! విక్టోరియా లాటిను మాట, విజయమని యర్థము. ప్రాచీన రోమకులకది దేవతానామము. క్రీ.పూ. 29లో అగస్టసు తమ శాసనసభామందిరమున నా దేవతను నిలిపెను. క్రీ.శ. 382లో గ్రేషియను చక్రవర్తి యామె బలిపీఠమును దొలగించెను. మనకును విజయ దేవీనామమే కదా! ధాతువులు వేఱు, అర్థ మొక్కటి.

రాణి 1819 మే 24వ తేదీని జన్మించెను. అలెగ్జాండ్రినా విక్టోరియా యని పేరు పెట్టిరి. మొదటిది రష్యా చక్రవర్తినిబట్టి వచ్చినది, రెండవది జర్మను దేశస్థురాలగు తల్లి పేరు. ఆ పేరు ఆంగ్లేయుల చెవికిఁ గొత్తదగుటచే మార్చవలెనను మాటయుఁ బుట్టినది. 1837 మొదలు 1901 వఱకు నామె రాణి. ధవళేశ్వరపు టానకట్ట 1852లోను, రాజమహేంద్రవరపు రైలువంతెన 1900లోను ఆమె యేలుబడిలోనే ముగిసినను, వానికి నామె పేరు రాలేదు. ఆనకట్టకుఁ గాటన్ దొర పేరు నిలిచినది. శ్రమించినవాని పేరు నిలుచుట న్యాయము. వంతెనకు గవర్నరు హేవలాకు పేరు పెట్టిరి. దానినిగూర్చి నేనట్లు చెప్పఁజాలను.

ఈ పేరును మన భాషలోనికిఁ దెచ్చినవాఁడు రవీంద్రకవి. 1924లో అర్జెంటీనా దేశమున వ్యాధిగ్రస్తుఁడైయుండఁగా విక్టోరియా ఒకాంపో యను విదుషి యాతని కాశ్రయమిచ్చెను. ఆయన యామెను విజయ యని పిలిచి, 1925లో తన పూరబీ కావ్యము నా పేరుతోనే యంకితమిచ్చెను.

ఇఁక మన పొరుగుననున్న బెజవాడ సంగతి. రాణి సింహాసనమెక్కి యేఁబదియేండ్లు నిండిన 1887లో నచ్చట విక్టోరియా జూబిలీ మ్యూజియమునకుఁ బునాది వేసిరి. ఆ భవనముననే 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. తిలక్ స్వరాజ్యనిధికిఁ గోటి రూపాయలు కూర్పవలెనని తీర్మానించినది యాసభయే. పింగళి వెంకయ్యగారు తాము గీసిన జాతీయపతాకమును గాంధీమహాత్మునకుఁ జూపినదియు నప్పుడే. ఆ జెండాలో మొదట రెండే రంగులు, ఎఱుపును ఆకుపచ్చయు. తెలుపు గాంధీగారి కోరికపైఁ జేరినది. రాణి విజయనామము చెక్కిన గోడలనడుమ, ఆమె వంశీయుల యేలుబడిని దొలగించు జెండాను విప్పిరి!

ఇప్పుడా భవనమును బాపు మ్యూజియమని పిలుచుచున్నారు.