పదిమంది లెక్క

నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. అక్కణ్ణుంచి ఉప్పల్ దాకా పారిశ్రామికవాడల్లో చిన్నాపెద్దా షెడ్లు బోలెడు. ఆసుపత్రి పక్కనే ఉన్నా, ఆ షెడ్లలో పనిచేసే అందరికీ అందులో వైద్యం దొరకదు. చట్టం రోగం కంటే ముందు తలలు లెక్కపెడుతుంది.

ఈ లెక్కకో చరిత్ర ఉంది. కార్మికులకు ఆరోగ్య బీమా ఎలా ఉండాలో చెబుతూ బి.పి. అదార్కర్ 1944లో నివేదిక ఇచ్చాడు. 1948లో చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్, ఢిల్లీల్లో పథకం మొదలైంది. కరెంటు వాడుతూ, ఇరవైమందో అంతకుమించో పనిచేసే ఫ్యాక్టరీలకే మొదట్లో ఆ చట్టం. 1989 సవరణ ఆ ఇరవైని పది చేసింది. 2010లో కరెంటు షరతూ పోయింది. నెలజీతం పరిమితి 400 రూపాయలతో మొదలై, 2017కి 21,000కి చేరింది. అన్నీ మారుతూ వచ్చాయి గానీ, పది దగ్గర గీత మాత్రం అలాగే ఉండిపోయింది.

గీతకు ఇవతల ఉన్నవాళ్ళకి ఏం దొరుకుతుంది? కార్మికుడు జీతంలో 0.75 శాతం, యజమాని 3.25 శాతం కడితే, కుటుంబం మొత్తానికి వైద్యం. అంతకన్నా ముఖ్యం, జబ్బుచేసి పనిలోకి పోలేని రోజులకు కూలీలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు. అంటే ఈ బీమా ఒంటితోపాటు పొయ్యినీ చూసుకుంటుంది.

తొమ్మిదిమందే ఉన్న షెడ్డులో పనిచేసేవాడి సంగతి? అతనికి రేషన్ కార్డుంటే ఆరోగ్యశ్రీ ఉంది. 2007లో మొదలైన ఆ పథకం గుండె ఆపరేషన్ల వంటి పెద్ద ఖర్చుల నుంచి పేదల్ని కాపాడింది. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి పది లక్షలైంది. చిన్న విషయం కాదది. కానీ ఆసుపత్రిలో చేర్చుకోవాల్సిన పెద్ద జబ్బుల కోసం కట్టిన పథకమది. వారం రోజుల డెంగీ జ్వరంలో పోయిన కూలీ దాని లెక్కలోకి రాదు. నెల గడవడానికి ఇంటివాళ్ళు అప్పు చేసేది ఆ కూలీ కోసమే.

మాలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు జ్వరమొస్తే సిక్ లీవ్ ఉంటుంది, జీతం ఆగదు. అందుకే కాబోలు, ఆరోగ్య బీమా అనగానే మనకు ఆసుపత్రి బిల్లే గుర్తొస్తుంది. 1948 నాటి చట్టం మాత్రం జబ్బంటే ఆదాయం ఆగిపోవడం కూడా అని గుర్తించింది. 2020 సామాజిక భద్రతా కోడ్, పదిమంది లేనిచోట కూడా యజమానీ, మెజారిటీ కార్మికులూ ఒప్పుకుంటే ఈఎస్ఐలో చేరొచ్చంటోంది. తలుపు కొంచెం తెరుచుకుంది. కానీ గీతకు ఇవతల హక్కుగా ఉన్నది, అవతల యజమాని ఒప్పుకుంటేనే దొరుకుతుంది.