కిక్రి నేర్పిన కథాపాఠం

ఇతివృత్తం, నేపథ్యం, పాత్ర, సంఘర్షణ, దృష్టికోణం. వాచకంలో ఈ మాటలు ఎదురైతే మన పిల్లలు బెదురుతారు. ఇవి పెద్ద చదువుల వాళ్ళ మాటలనుకుంటారు. మాటలు కొత్తవే కావచ్చు. అవి చెప్పే సంగతులు మాత్రం మన గూడేలకు పాతవే.

ఆదిలాబాద్ అడవుల్లో ప్రధానులు, తోటీలు కిక్రి వాయిస్తూ గోండు గోత్రాల కథలను తరతరాలుగా పాడుతూ వచ్చారు. పెర్సపేన్ పూజలో ఆ కథ వినిపించాల్సిందే. వాటిలో ఒకటి చూద్దాం. గోండు దేవతలు గుహలో బందీలయ్యారు. పహండి కుపార్ లింగల్ వాళ్ళను విడిపించి నాలుగు, ఐదు, ఆరు, ఏడు సగలుగా ఏర్పాటు చేశాడు. గోండు సమాజం ఎలా ఏర్పడిందన్నది ఇక్కడ ఇతివృత్తం. గుహ నేపథ్యం. లింగల్ ప్రధాన పాత్ర. చెరకూ విడుదలకూ నడుమ జరిగే పెనుగులాట సంఘర్షణ. సగల ఏర్పాటు ముగింపు. ఆ ముగింపు కథతో ఆగిపోలేదు. ఒకే సగలో పెళ్ళి కుదరదు కాబట్టి, నేటికీ సంబంధం చూసేవారు ముందు సగనే అడుగుతారు.

ఇక దృష్టికోణం. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నిజాం పోలీసుల తుపాకులకు బలయ్యాడు. సంఘటన ఒక్కటే. సర్కారు చెబితే అతడు తిరుగుబాటుదారు, గూడెం చెబితే నాయకుడు. కథ ఎవరు చెబుతున్నారన్నది చిన్న ప్రశ్న కాదని ఈ ఒక్క ఉదాహరణతో పిల్లలకు తెలుస్తుంది. తర్వాత అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన ‘కొమురం భీం’ నవల గూడెం వైపు నిలబడి ఆ కథ చెప్పింది.

భీం మరణం తర్వాతి ఏళ్ళలో హైమన్‌డార్ఫ్ మన గూడేలలో ఉండి అధ్యయనం చేశాడు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది, గోండి వాచకాలు వచ్చాయి. మన కథతో మన పిల్లలకు చదువు చెప్పవచ్చని అప్పుడే రుజువైంది. ప్రధానులు వినిపించిన కథలు 1948లో ఆయన పుస్తకంలో ఇంగ్లీషులో అచ్చయ్యాయి. కథ మిగిలింది గాని, కిక్రి నాదం కాగితం మీదికి రాలేదు. పాడేవారి గొంతూ రాలేదు.

మనకు రాత లేదన్న మాటా నిజం కాదు. నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపి రాతప్రతులు దొరికాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది.

ఉపాధ్యాయ మిత్రులారా, నిర్వచనం నల్లబల్ల మీద రాసే ముందు, ఇంట్లో విన్న కథ ఒకటి చెప్పమని పిల్లల్ని అడగండి. వాళ్ళ భాషలోనే చెప్పనివ్వండి. ఆ తర్వాత అందులో పాత్ర ఏది, సంఘర్షణ ఏది అని వాళ్ళచేతే వెతికించండి. యువకులారా, మీ ఊళ్ళో కిక్రి పట్టే పెద్దమనిషి ఉంటే ఈ ఏడే వెళ్ళి కూర్చోండి. కథ రాసుకోండి, గొంతును ఫోన్‌లో రికార్డు చేసుకోండి. కింద ఆయన పేరు, ఊరు తప్పక రాయండి. కథకుడి పేరు పోతే దృష్టికోణమూ పోతుంది.