రోడ్డు ప్రమాదం: ఆస్పత్రి కాగితంలో ఏం రాశారో చూసుకున్నారా?

అనంతపురం జిల్లాలో 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కకుండా చాలామందికి బతుకు గడవదు. వానలు లేక సేద్యం వదిలి బెంగళూరు పనులకు పోయేవాళ్లు, గుత్తి, పామిడి, గార్లదిన్నె నుంచి టౌనుకు బైకు మీద వచ్చేవాళ్లు అందరిదీ అదే దారి. ప్రమాదం జరిగితే ముందు ప్రాణం చూసుకోవాలి. అందులో రెండో మాట లేదు. అయితే క్యాజువాల్టీలో ఆ గంటలో రాసిన ఒక్క లైను మీదే తర్వాత నష్టపరిహారం కేసు నిలబడుతుంది, లేదా పడిపోతుంది. వోచర్ లేని ఖర్చు లెక్కల్లోకి రాదని బీకాంలో చెప్పారు. ఇక్కడా అంతే.

"జారి పడినాడు" అంటే ఏమవుతుంది?

డ్యూటీ డాక్టర్ మొదట అడిగేది "దెబ్బ ఎట్లా తగిలింది?" అని. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాల్సి వస్తుందన్న భయంతో వెంట వచ్చినవాళ్లు "బండి మీంచి జారి పడినాడు" అనేస్తారు. కారు గుద్దిన సంగతి కేసు షీటులో ఉండదు. నెల తర్వాత ఖర్చు లక్షలు దాటాక క్లెయిమ్ వేస్తే, ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్ ముందు చూపేది ఆ లైనునే.

కాబట్టి జరిగింది జరిగినట్టే చెప్పండి: ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ వాహనం గుద్దింది, బండి నడిపింది ఎవరు, వెనక కూర్చున్నది ఎవరు. నిజంగానే తనంతట తాను పడితే లేని కారును కలపొద్దు. అది నేరం. అలాంటప్పుడు బండి ఓనరే నడుపుతుంటే, పాలసీలో 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉందేమో చూసుకోండి. మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి అది వర్తిస్తుంది.

ఎమ్మెల్సీ, వుండ్ సర్టిఫికెట్

రోడ్డు ప్రమాదం కేసును ఆస్పత్రి మెడికో లీగల్ కేసుగా, అంటే ఎమ్మెల్సీగా నమోదు చేసి పోలీసులకు సమాచారం పంపాలి. ప్రైవేటు ఆస్పత్రికీ ఇదే పద్ధతి. పోలీసులు వచ్చేదాకా వైద్యం ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఎమ్మెల్సీ నంబర్ అడిగి రాసిపెట్టుకోండి. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదు ఇచ్చినవారికి ఉచితంగా ఇవ్వాలి.

గాయాల వివరం వుండ్ సర్టిఫికెట్‌లో ఉంటుంది. ఎముక విరిగినా, పన్ను విరిగినా చట్టం లెక్కలో అది తీవ్ర గాయం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం 15 రోజులు తీవ్రమైన నొప్పితో ఉన్నా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా తీవ్ర గాయమే. పాత చట్టంలో ఇది 20 రోజులు. ఎక్స్‌రే రిపోర్టు రాకముందే "స్వల్ప గాయం" అని రాసి ఉంటే, రిపోర్టు చూపించి డాక్టర్‌ను మళ్లీ అడగండి.

ఆ కోడ్ ఏమిటి?

కొన్ని డిశ్చార్జి సమ్మరీల్లో "ఎస్ 82.2" లాంటి కోడ్ కనిపిస్తుంది. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-10 లోది. మన పిల్లలు హైదరాబాద్, చెన్నైలలో చేసే మెడికల్ కోడింగ్ ఉద్యోగాలకూ ఇదే పునాది. ఒక ప్రమాదానికి రెండు రకాల కోడ్‌లుంటాయి. ఎస్, టి అక్షరాలవి ఏ గాయమో చెబుతాయి. ఎస్ 82.2 అంటే మోకాలి కింది పెద్ద ఎముక నడుమ విరగడం. ఎస్ 06 అంటే తలలోపలి గాయం. వి అక్షరం కోడ్ గాయం ఎట్లా అయిందో చెబుతుంది. వి 23 అంటే బైకు మీద ఉన్నవాళ్లను కారో వ్యానో గుద్దడం. వి 28 అంటే దేన్నీ గుద్దకుండా బైకు పడిపోవడం. వి 23 తర్వాత చుక్క పెట్టి 4 రాస్తే నడిపినవారు, 5 రాస్తే వెనక కూర్చున్నవారు. కోడర్ ప్రమాదాన్ని చూడడు, డాక్టర్ రాసింది చూసి కోడ్ వేస్తాడు. "జారి పడినాడు" అని రాసి ఉంటే వి 28 వస్తుంది. కోర్టు కోడ్‌ను చూసి తీర్పు ఇవ్వదు గానీ, కాగితాలన్నీ ఒకే మాట చెప్పడం ముఖ్యం.

పేరు దగ్గర జాగ్రత్త

మన ఇళ్లలో ఇది పెద్ద సమస్య. ఆధార్‌లో షేక్ మహబూబ్ బాషా, ఎఫ్ఐఆర్‌లో ఎస్.బాషా, ఆస్పత్రిలో మాబు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. ఇద్దరూ ఒకరేనని రుజువు చేయడానికే వాయిదాలు గడిచిపోతాయి. అడ్మిషన్ రోజే ఆధార్ చూపించి అదే స్పెల్లింగ్ రాయించండి. తప్పుంటే డాక్టర్ చేతనే సరిచేయించి సంతకం, తేదీ పెట్టించండి. మీరు పెన్నుతో దిద్దొద్దు.

మయ్యత్ విషయంలో

చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు. త్వరగా దఫన్ చేయాలన్న ఆరాటంలో కొందరు పోస్ట్‌మార్టం వద్దంటారు. ఇంకొందరు డాక్టర్ వద్దన్నా సంతకం పెట్టి మనిషిని ఇంటికి తెచ్చుకుంటారు. నాలుగు రోజుల తర్వాత ఆయన చనిపోతే ఎవరికీ చెప్పకుండా ఖననం చేస్తారు. ఆ గాయం వల్లే చనిపోయాడని రుజువు చేయడం ఆ తర్వాత చాలా కష్టం. దెబ్బ తినేది వితంతువు, పిల్లలు. ఇంట్లో చనిపోయినా ముందు పోలీసులకు తెలపండి. సౌకర్యాలున్న ఆస్పత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్ట్‌మార్టం చేయడానికి 2021 నవంబర్‌లో కేంద్రం అనుమతించింది. ఆలస్యం కాకూడదనుకుంటే ఆ మాట అడగండి.

గడువులు, మొత్తాలు

- మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలి. బెంగళూరు దగ్గర ప్రమాదమైనా మీరు ఉండే ఊరి ట్రిబ్యునల్‌లో వేయవచ్చు.
- 164వ సెక్షన్ కింద ఎదుటివారి తప్పు రుజువు చేయకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు.
- గుద్దిన బండి దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకం: మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు.
- 2025 మే నుంచి క్యాష్‌లెస్ పథకం: గుర్తింపు పొందిన ఆస్పత్రుల్లో మొదటి ఏడు రోజులు 1.5 లక్షల వరకు వైద్యం.

శాశ్వత అంగవైకల్యం ఉంటే సదరం సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. కాలుకు 45 శాతం అంటే మొత్తం శరీరానికి 45 శాతం కాదని, సంపాదన ఎంత పోయిందో పనిని బట్టి చూడాలని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో చెప్పింది. ఆటో డ్రైవర్‌కు, గుమాస్తాకు అదే కాలు దెబ్బ ఒకేలా ఉండదు. వైద్యం చేసిన డాక్టర్ సాక్ష్యం, మీ పనికి, ఆదాయానికి రుజువు రెండూ కావాలి.

ఎఫ్ఐఆర్, వుండ్ సర్టిఫికెట్, ఎక్స్‌రేలు, డిశ్చార్జి సమ్మరీ, మందుల ఒరిజినల్ బిల్లులు, ఆటో చార్జీల చీటీలు అన్నీ ఒకే కవరులో పెట్టి, ప్రతిదానికీ ఫోనులో ఫోటో తీసుకోండి. డిశ్చార్జి రోజు కౌంటర్ వదలకముందే ఇంట్లో చదువుకున్న పిల్లల చేత సమ్మరీ ఒకసారి చదివించండి. ఆ రోజు సరిచేయించడం పది నిమిషాల పని. తర్వాత అదే తప్పుకు నెలలు పడుతుంది.