కల్లం కాడ సామ్రాజ్యం

చెప్పులు గట్టు మీదే విప్పేసి రండి. అడుగు చూసుకుని వేయండి. చీకట్లో ఎరుపు తెలియదు గానీ, కాలి కింద గలగలమంటే అది మిరపకాయే. కాయ పరిచి వారం దాటింది. ఇంకో రెండు ఎండలు గట్టిగా తగిలితే టిక్కీలకు, అంటే బస్తాలకు ఎత్తొచ్చు. గాలి ఇటు తిరిగినప్పుడు గొంతులో గీరుకుని తుమ్మొస్తుంది. కాసేపటికి అలవాటైపోతుంది.

ఇది 2025 మార్చి. యడ్లపాడు దాటాక హైవే దిగి, డొంక పట్టుకుని లోపలికొస్తే మా చేను. తూర్పున లారీల దీపాలు, పడమర కొండవీడు కొండల నల్లటి గీత. కల్లం పక్కన పీకేసిన పత్తికట్టె కుప్ప, దాని పక్కన రెండు నులకమంచాలు. ఒకదాని మీద నాన్న దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు, నిద్రపోలేదు. రెండో దాని మీద మా అన్నయ్య కొడుకు. గుంటూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. కాపలాకని వచ్చి, ఒళ్లో లాప్‌టాప్ తెరిచాడు. మీరు వాడి పక్కన కూర్చోండి. నులక వదులైంది, కాస్త అంచుకి జరగండి.

తెర నిండా నలుపు. నడుమ చిన్న పచ్చటి ముక్క, అందులో ఒక ఇల్లు లాంటిది, ముగ్గురు మనుషులు, ఒక గుర్రపు రౌతు.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో రెండోది. 1999లో వచ్చిన ఆట. 2019లో డెఫినిటివ్ ఎడిషన్ అని మళ్ళీ దిద్ది తెచ్చారు. ఎదుటివాడు ఏ దేశం వాడో తెలియదు, ఆటలోని నాగరికతల్లో ఫ్రాంకులను తీసుకున్నాడు. మావాడు ద్రావిడులను. చేతిలో 200 ఆహారం, 200 కలప, 100 బంగారం, 200 రాయి. ఒక మనిషిని పుట్టించాలంటే 50 ఆహారం, 25 సెకన్లు. అంతే ఆస్తి. ఈ ముగ్గురితో మొదలై గంటలోపు కోటలూ ఏనుగులూ ఉన్న రాజ్యం నిలబడాలి.

"మాట్లాడొద్దు బాబాయ్, పంది వస్తంది."

వంగి చూడండి. ఒక మనిషి విల్లు పట్టుకుని అడవి పందిని కొట్టాడు. అది వెంటపడింది. వీడు టౌన్ సెంటర్ వైపు, ఇందాకటి ఆ ఇంటి వైపు పరుగు. పంది దగ్గరికొచ్చాక అక్కడున్న మిగతావాళ్ళంతా కలిసి కొట్టాలి. కాస్త ఆలస్యమైతే మనిషి పోతాడు. మనిషికున్న ప్రాణం 25. కుర్రాడి చూపుడువేలు మౌస్ మీద వణుకుతోంది. ఒక దెబ్బ తగిలింది. ఇంకోటి. ఇప్పుడు తిప్పాడు. పంది పడింది. 340 ఆహారం చేతికొచ్చింది. వాడు ఊపిరి వదిలాడు, మీరూ వదిలారు.

ఈ ఆటలకి ప్రాణం ఈ మొదటి పది నిమిషాలే అని నా గట్టి నమ్మకం. ముగ్గురు ఆరుగురవుతారు, ఆరుగురు పదిమంది అవుతారు. పదిమందిలో ఎవడెక్కడున్నాడో తెలుసు. వీడు గొర్రె కోస్తున్నాడు, వీడు చెట్టు నరుకుతున్నాడు, వీడు ఇల్లు కడుతున్నాడు. ఒక్కడు ఖాళీగా నిలబడితే మనసు పీకుతుంది. నలుపు కొంచెం కొంచెంగా విచ్చుకుని చెరువు కనపడుతుంది, బంగారు గని కనపడుతుంది. అది మన ఇంటికి దగ్గరగా ఉంటే పండగే, ఎదుటివాడి వైపుంటే గుండెల్లో రాయి పడుతుంది. 1991లో సిడ్ మేయర్ చేసిన సివిలైజేషన్‌లోనూ ఇంతే. ఒక్క ఊరితో మొదలై, 'ఇంకొక్క టర్న్' అనుకుంటూ తెల్లారగట్ట దాకా కూర్చోబెట్టిన ఆట అది. ఆ మొదలంతా కొత్త కాపురం పెట్టినట్టుంటుంది.

నాన్న ముసుగు తీశాడు. వెలుతురుకి కళ్ళు చికిలించి చూస్తున్నాడు.

"ఏందిరా అది, పొలమా?"

"పొలమే తాతయ్యా."

"పెట్టుబడెంత?"

"60 కలప."

"రాబడి?"

"175 ఆహారం. తర్వాత ఇంకా పెరుగుద్ది."

"పురుగు పట్టదా?"

"పట్టదు."

నాన్న ఇంకేమీ అడగలేదు. 2021లో ఇదే చేలో మిరప పూత మీదుండగా నల్ల తామరపురుగు వచ్చింది. ఏ మందు కొట్టినా పూతలో దూరి కూర్చుంది. చివరికి మొక్క పీకి గట్టున పడేశాం. ఎంత పోసి ఎంత పోగొట్టుకున్నామో లెక్క తేలింది గానీ, ఏ రోజు ఏం చేసి ఉంటే నిలబడేదో ఇవాళ్టికీ తేలలేదు. అందుకే ఆ 60, ఆ 175 చూస్తే నాకు కడుపు నిండినట్టుంటుంది. ఏది ఎంతకు వస్తుందో ముందే రాసిపెట్టి ఉంది. మాట తప్పని నేల. ఊళ్ళో పుట్టిన పిల్లలకి ఈ ఆట ఇంతగా ఎందుకు పట్టిందని ఎవరైనా అడిగితే నేను ముందు ఇదే చెబుతాను.

మా రోజుల్లో ఆ పొలం కూడా ఇంత మెత్తగా లేదు. 2001 ప్రాంతంలో గుంటూరు బ్రాడీపేటలో ఒక నెట్ సెంటర్, గంటకి 20 రూపాయలు. నాలుగు కంప్యూటర్లు ఒకదానికొకటి కలిపి ఉండేవి, నలుగురం ఆడేవాళ్ళం. అప్పటి ఏజ్ ఆఫ్ కింగ్స్‌లో, అంటే ఇదే ఆట మొదటి రూపంలో, పండటం అయిపోగానే పొలం బీడైపోయేది. మనమే వెళ్ళి మళ్ళీ విత్తాలి. యుద్ధంలో మునిగి పది పొలాలు మరిచిపోతే పదిమంది రైతులు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. 2000లో వచ్చిన ది కాంకరర్స్ అనే అదనపు భాగంలో మిల్లు దగ్గర ముందుగానే విత్తనానికి కలప కట్టే వీలు పెట్టారు. ఆ డిస్క్ మా సెంటర్‌కి ఆలస్యంగా వచ్చింది. వచ్చిన రోజు మేం నలుగురం ఎగిరి గంతేశాం. ఇప్పుడైతే పొలం తనంతట తానే విత్తుకుంటుంది. ఆడేవాడి కష్టం ఎక్కడుందో వెతికి దాన్ని తీసేసిన మనిషెవరో గానీ, దణ్ణం పెట్టాలి.

కష్టం తీసేయకుండా వదిలేసినవీ ఉన్నాయి. గెలుస్తున్న ఆటలో కరెంటు పోవటం ఊరి లోపం, ఆటది కాదు. కానీ కంప్యూటర్‌తో ఆడుతూ అన్నిటికన్నా కఠినం అన్నది ఎంచుకుంటే, పాత ఆటలో అది మనకు తెలియకుండా ఊరికే సరుకు తీసుకునేది. ఎంత బాగా ఆడినా దాని సైన్యం ముందే దిగేది. మా వేగం చాలదేమోనని నెలల తరబడి చేయి సాధన చేశాం. తర్వాత సంగతి తెలిసినప్పుడు కలిగిన బాధ నాకింకా గుర్తు. ఓడిపోవటం భరించొచ్చు. దొంగ కాటాతో తూచిన ఓటమిని భరించలేం. డెఫినిటివ్ ఎడిషన్‌లో కంప్యూటర్‌కి ఆ అడ్డదారి తీసేసి, తెలివి పెంచారు. ఇప్పుడు దాని చేతిలో ఓడినా మనసు కుదురుగా ఉంటుంది.

తెర చూడండి. మావాడు మార్కెట్ కట్టాడు. బంగారం చాలక కలప అమ్ముతున్నాడు. మొదటి 100కి 70 బంగారం వచ్చింది. మళ్ళీ నొక్కాడు, తగ్గింది. ఇంకోసారి, ఇంకా తగ్గింది. అమ్మినకొద్దీ దిగుతుంది. ఆ ధర ఆటలో ఉన్న ఇద్దరికీ ఒకటే, ఎదుటివాడు అమ్మినా ఇక్కడ పడిపోతుంది.

"చూశారా బాబాయ్, నేను ఆహారం ముట్టుకోలే. ఐనా దాని రేటు పడింది. అంటే వాడు ఆహారం అమ్ముకుంటన్నాడు. వాడికీ బంగారం లేదు."

ధర చూసి శత్రువు ఇంట్లో ఏముందో చెప్పటం! ఇలాంటి చిన్న ఎరుక దొరికినప్పుడు వచ్చే ఆనందం ముందు కోటలు కూల్చటం ఏపాటిది.

"మన యార్డే గదరా అది," అన్నాడు నాన్న.

యార్డే. గుంటూరు మిర్చి యార్డుకి అన్ని ఊళ్ళ సరుకూ ఒక్కసారే వస్తే ఏమవుతుందో ఈ మంచాల మీద ఎవరికీ చెప్పనక్కర్లేదు. తేజ రకం క్వింటా 20,000 దాటి పలికిన రోజులు నిన్నగాక మొన్ననే చూశాం. ఈ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. ఆటలో ధర ఎంత పడినా 14 దగ్గర ఆగుతుంది, అంతకన్నా దిగదు. ఆ అడుగు ఎవరు ఎందుకు పెట్టారో గానీ, నాన్నకి చెబితే రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు.

ఏనుగులు బయల్దేరుతున్నాయి. మావాడి మనుషుల్లో ఎవరిని నొక్కినా మాట్లాడేది తమిళం, వినండి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే అదనపు భాగంతో ద్రావిడులు ఆటలోకి వచ్చారు. వాళ్ళతో ఆడే కథ రాజేంద్ర చోళుడిది. వాళ్ళకి వూట్జ్ స్టీల్ అనే విద్య ఉంది, ఆ మాటకి మూలం మన ఉక్కే అంటారు. కాకతీయుల పేరుతో మాత్రం ఒక నాగరికత లేదు. మావాడికి అది ముల్లులా గుచ్చుతుంది. నాకూ అంతే. సామ్రాజ్యం కట్టటం అంటే ఏమిటో ఈ నేలకి బాగా తెలుసు. ఆ కనపడే కొండ మీద కోట రెడ్డి రాజులది. వాళ్ళ మొదటి రాజధాని అద్దంకి. 1515లో కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోంచి ఈ కోటను గెలుచుకున్నాడు. దక్షిణాన సముద్రం ఒడ్డున మోటుపల్లి రేవు. తుపానుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకుని పాత రాజులు లాక్కునేవాళ్ళు. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ శాసనం వేయించి, సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం, భయపడకుండా రండి అన్నాడు.

ఆటలో కలప, రాయి, కత్తి అన్నీ ఉన్నాయి. 'భయపడకుండా రండి' అనే మీట ఎక్కడా లేదు. బండ్లు నడిపితే రెండు మార్కెట్ల నడుమ దూరం ఎంత పెరిగితే అంత బంగారం, అది నిజంగా మంచి ఊహ. అయినా ఎదుటివాడికి అభయం ఇచ్చి ధనవంతుడు కావటం అనే దారి ఇంకా ఎవరైనా కడితే చూడాలని ఉంది.

కుర్రాడి భుజాలు బిగుసుకున్నాయి. మనుషులు నూరు దాటారు. ఇక్కడి నుంచే నాకు ఈ ఆట బరువవుతుంది. ఏ పేరూ లేకపోయినా ఆ పదిమంది తెలిసినవాళ్ళలా ఉన్నారు, ఈ నూటపాతిక మంది ఒక అంకె. ముట్టడి బండి ద్వారం దగ్గర అడ్డంపడి కదలటం లేదు, వెనక ఏనుగులు ఆగిపోయాయి. ఇటు చూస్తే అటు కాలుతోంది. పాలించే పని పోయి, పరుగెత్తి మంటలార్పే పని మిగులుతుంది. సివిలైజేషన్‌లో ఇంకా విసుగు. గెలుపు ఖాయమని తెలిశాక కూడా ముప్పై ఊళ్ళకి ఒక్కొక్కటిగా పని చెప్పుకుంటూ గంటలు గడపాలి. మొదలు ఎంత బాగుంటుందో చివర అంత నీరసం. ఈ లోటుని ఇన్నేళ్ళలో ఎవరూ పూర్తిగా తీర్చలేదు.

"బాబాయ్, వాడి దగ్గర గుర్రాలు అయిపోతన్నయ్. ఇంకో ఐదు నిమిషాలు."

అప్పుడే చల్లగాలి తగిలింది మీకు. మట్టివాసన. కొండవీడు మీద ఒక మెరుపు, వెలుతురులో కల్లమంతా ఒక్కసారి ఎర్రగా కనపడి మాయమైంది.

నాన్న ఎవరినీ పిలవలేదు. లేచి, దుప్పటి తలకి చుట్టుకుని, పట్టా కట్ట విప్పుతున్నాడు. ఒక్కడే లాగుతున్నాడు. గాలి దాన్ని తెరచాపలా లేపుతోంది. నేను లేచాను. మీరూ ఆ చివర పట్టుకోండి, కాలుతో తొక్కిపెట్టండి, రాయి అక్కడుంది.

మంచం మీద కుర్రాడు తెరకేసి ఒకసారి, తాతకేసి ఒకసారి చూశాడు. ఎదుటివాణ్ణి ఎంతసేపని ఆపి కూర్చోబెడతాడు. రెండు అక్షరాలు కొట్టాడు: జీజీ. ఓడిపోయానని ఒప్పుకునే మాట. లాప్‌టాప్ మూసి పత్తికట్టె కింద తోశాడు. మొదటి చినుకు పడేసరికి పట్టా రెండో చివర వాడి చేతుల్లో ఉంది.

పావుగంట కురిసింది. తూర్పు వైపు పట్టా లేచిన చోట ఒక గంప కాయ తడిసింది.

తెల్లారాక కుర్రాడు ఆట రికార్డింగ్ వేశాడు. ఇందులో నలుపు ఉండదు, ఇద్దరి ఊళ్ళూ కనపడతాయి. టైమ్ ముందుకి జరిపాడు. ఎదుటివాడి కోట వెనక మూడే గుర్రాలున్నాయి. బంగారం సున్నా. పన్నెండో నిమిషం దగ్గర తన టౌన్ సెంటర్ నలభై సెకన్లు ఖాళీగా ఉందని వాడే వేలు పెట్టి చూపించాడు.

"గెలిచేవాణ్ణి బాబాయ్."

"చూశాను."

నాన్న తడిసిన కాయలు తాలు కాయల కుప్పకి అంటకుండా వేరుగా ఆరబోస్తున్నాడు. రంగు మారితే రేటు రాదు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఆ పొలాలేమయినయ్‌రా, వానొస్తే?"

"అక్కడ వాన పడదు తాతయ్యా."

"ఊఁ," అని, వాడికి కూడా ఒక చాట అందించాడు.