తాళం ఒకచోట, తాళంచెవి మరొకచోట: డేటాబేస్ షెల్‌లో గూఢలిపిని విప్పే విధానం

చౌకధరల దుకాణంలో కార్డుదారుడు వేలు ఆనించినప్పుడు ఆ ముద్ర యథాతథంగా ప్రయాణించదు. అక్కడి పరికరమే దానిని అప్పటికప్పుడు పుట్టించిన 256 బిట్ల తాళంచెవితో గూఢలిపిగా మార్చుతుంది. ఆ తాళంచెవిని మరల ఆధార్ ప్రాధికార సంస్థ వారి 2048 బిట్ల బహిరంగ తాళంచెవితో బంధించి పంపుతుంది. విప్పగల రహస్య తాళంచెవి కేంద్రీయ భాండాగారం వద్దనే ఉంటుంది. ఆ భాండాగారపు కంప్యూటర్లు బెంగళూరులోను, హర్యానాలోని మానేసర్‌లోను ఉన్నవి. దారిలో దానిని మోసుకొనిపోయే సర్వర్లకు కనిపించేది అర్థం లేని అక్షరాల గుట్ట మాత్రమే.

పుట్టినచోటనే సమాచారాన్ని మూసివేసే ఈ పద్ధతి సాధారణ డేటాబేస్‌లలోనికి కూడ వచ్చినది. మోంగోడీబీ అను డేటాబేస్ 2019లో తన 4.2 సంచికతో దీనిని ప్రవేశపెట్టినది. సరిహద్దు మండలాల నుండి బెంగళూరు చేరి డేటాబేస్ నిర్వహణలో కుదురుకొన్న యువకులకు తొలిరోజుల్లో ఎదురయ్యే చిక్కు ఇక్కడనే ఉన్నది. షెల్ తెరచి ఖాతాదారుని పత్రాన్ని అడిగితే పేరు, ఊరు చక్కగా వస్తాయి. ఫోన్ నంబరు ఉండవలసినచోట మాత్రం ‘బైనరీ, ఉపరకం 6’ అని ఒక పొడవాటి తీగ వస్తుంది. డేటా చెడిపోయినదని కంగారుపడనక్కరలేదు. నిర్వాహకునికి సర్వరు మీద సర్వాధికారం ఉన్నా తాళంచెవి లేదు, అంతే.

తాళంచెవులు ఇక్కడ రెండంతస్తులు. విలువలను మూసేది డేటా తాళంచెవి. అది ‘కీ వాల్ట్’ అను ప్రత్యేక కలెక్షన్‌లో, తానూ మూయబడిన స్థితిలోనే ఉంటుంది. దానిని మూసేది మూల తాళంచెవి. ఇది డేటాబేస్ వెలుపల, అమెజాన్, అజూర్, గూగుల్ వంటి వారి తాళంచెవుల సేవలో ఉంటుంది. ప్రయోగదశలోనైతే 96 బైట్ల స్థానిక ఫైలుగా ఉంటుంది. మూయబడిన ప్రతి విలువలోను తన డేటా తాళంచెవి గుర్తింపు సంఖ్య ఇమిడి ఉంటుంది గనుక, విప్పేటప్పుడు ఏ తాళంచెవి అని వేరుగా చెప్పవలసిన పని లేదు.

మోంగోష్ అను షెల్‌లో విప్పదలచినవారు సాధారణ సంబంధంతో సరిపెట్టుకొనరాదు. కీ వాల్ట్ పేరును, మూల తాళంచెవి వివరాలను జతచేసి కొత్త సంబంధాన్ని నిర్మించుకోవలెను. పిమ్మట ‘గెట్ క్లయింట్ ఎన్‌క్రిప్షన్’ ద్వారా లభించే ‘డిక్రిప్ట్’కు ఆ బైనరీ విలువను అందించితే అసలు విలువ బయటపడుతుంది. ‘బైపాస్ ఆటో ఎన్‌క్రిప్షన్’ను నిజం అని పెట్టుకొంటే మామూలు ‘ఫైండ్’ ఆజ్ఞకే విలువలు విప్పబడి వస్తాయి. చదువుటకు మాత్రమే అయితే ఇది సుఖమైన మార్గం. ఉచిత సంచికలో కూడ పనిచేస్తుంది. తనంతట తానే మూసే సదుపాయమునకు మాత్రం ఎంటర్‌ప్రైజ్ సంచిక గాని అట్లాస్ గాని కావలెను.

విప్పబడకపోతే ముందుగా కీ వాల్ట్ పేరు సరిచూడవలెను. పరీక్షా సర్వరు మూల తాళంచెవితో అసలు సర్వరు డేటాను విప్పబోవుట మరొక సాధారణ పొరపాటు.

మూల తాళంచెవిని షెల్‌లో నేరుగా టైపు చేయుట మాత్రం ప్రమాదకరం. మోంగోష్ ఆజ్ఞల చరిత్రను ఫైలులో దాచుకొంటుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుండి చదివించుట మేలు. విప్పిన నంబరు తెర మీద మామూలు అక్షరాలే అన్న సంగతి కూడ మరువరాదు. ఫోటో తీసినవానికి ఏ తాళమూ అడ్డురాదు.

ఇది కేవలం సాంకేతిక పట్టింపు కాదు. బెంగళూరు వాసి, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్‌పై 2012లో వేసిన వ్యాజ్యంలోనే, గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తగిన భద్రత పాటించనివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా నిర్దేశించినది.

మూల తాళంచెవి ఫైలు పోతే డేటాబేస్ తయారుచేసినవారు కూడ ఏమీ చేయలేరు. కొన్ని సంస్థలు దీనినే ఉపాయంగా వాడుకొంటాయి: ఒక్కొక్క ఖాతాదారునికి ఒక్కొక్క డేటా తాళంచెవి కేటాయించి, అతడు ఖాతా మూసిననాడు ఆ ఒక్క తాళంచెవిని చెరిపివేస్తాయి. దాని ప్రతి మరెక్కడా మిగలకపోతే, పాత బ్యాకప్‌లలో ఉన్న అతని వివరాలు సైతం ఆనాటితో చదవరానివవుతాయి.